అప్పాయమ్మత్త ఎదురూ, ఆస్ట్రేలియా బంతీ

మొన్న రాయగడలో మా తమ్ముడి మనవడు శేఖరం ఇంటి ముందు రిక్షా దిగి తలెత్తేసరికి, గుమ్మం పైన బూడిదగుమ్మడికాయ ఉండవలసిన చోట నల్లగా, ముడతలు పడి, ఎండిపోయిన పనసపిందెలాంటిది ఒకటి వేలాడుతూ కనిపించింది. దానికి పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టారు. కొబ్బరిపీచు తాడుతో చిన్న ఉట్టి అల్లి అందులో కూర్చోబెట్టారు. శేఖరం భార్య సుగుణ నీళ్ళ చెంబుతో ఎదురొస్తే, "ఇదేమిటమ్మా?" అని అడిగాను. "దిష్టికాయ తాతయ్యా. మీ నాన్నగారి కాలం నుంచీ ఉందట. చాలా శక్తి గలదట. పాత పెంకుటిల్లు పడగొట్టి ఈ డాబా కట్టినప్పుడు పురోహితుణ్ణి పిలిపించి మరీ ఇక్కడికి మార్చాం" అంది. ఏ చెట్టు కాయ అని అడిగాను. "అడవిలోదట. ఇప్పుడా చెట్లు లేవట" అంది.

అది కాయ కాదు. తోలుతో కుట్టిన బంతి. ఆస్ట్రేలియా వాళ్ళు తమ దేశంలో ఆడుకునే ఒక రకం ఫుట్‌బాల్‌కి వాడే బంతి. శకునాల మీదా, దిష్టి మీదా, ముహూర్తాల మీదా నేను జీవితమంతా వ్యాసాలు రాశాను. వేదికలెక్కి గొంతు చించుకున్నాను. రాళ్ళు కూడా పడ్డాయి, అందులో ఒకటి తగిలింది కూడా. అంతకాలమూ మా ఇంటి గుమ్మానికి ఆ బంతి పసుపు పూయించుకుంటూ వేలాడుతూనే ఉంది. నవ్వవలసిన విషయమే గాని నేను నవ్వలేదు. దాని కిందనుంచే లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను. ఆ బంతి మా గుమ్మం ఎక్కిన కథ తెలిసినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే కనక, రాసి పెట్టడం నయమనిపించింది.

రాయగడ అప్పటికి ఒడిస్సాలో కలవలేదు. మద్రాసు వాళ్ళ ఏజెన్సీలో, జయపురం సంస్థానం కింద ఉండేది. మా నాన్న సంస్థానపు ఠాణాలో, అంటే శిస్తులూ దావాలూ చూసే కచేరీలో, అమీను. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి ఈ కొండల్లో దస్త్రాలు రాసుకుంటూ బతికిన కుటుంబాలలో మాది ఒకటి. ఇంట్లో తెల్లవారేసరికి మూడు వాసనలు కలిసి ఉండేవి: నాన్న నస్యం వాసన, పెరట్లో ఆరబోసిన పచ్చి అల్లం వాసన, చోడి అంబలి కాగుతున్న వాసన. వీటికి దూరంగా, వంటింటి వెనక వసారాలో, ఏ వాసనా అంటని చోట మా మేనత్త అప్పాయమ్మ ఉండేది. ఆవిడ మా నాన్నకి అక్క. ఇంకా కాపురానికి వెళ్ళకముందే భర్త పోయాడు. ఆయన ముఖం ఆవిడకి సరిగ్గా గుర్తు లేదు. అయినా ఆయన పోయినందుకు ఆవిడ తెల్లబట్ట కట్టుకుని, తల మీద ముసుగు దించకుండా, పెళ్ళిళ్ళనాడు పెరట్లో కూర్చుని, ఎవరైనా ఊరికి ప్రయాణమైతే తలుపు చాటుకి తప్పుకుని, అలా జీవితం గడిపేస్తూండేది. విజయనగరంలో చదువుకుంటున్నప్పుడు నేను వాదసభల్లో వితంతువుల దుస్థితి గురించి మాట్లాడి చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి. సెలవులకి ఇంటికొచ్చి ఆవిడ వడ్డించిన అన్నం తినేవాణ్ణి. ఈ రెండిటికీ సంబంధం ఉందని చాలాకాలం నాకు తట్టలేదు.

అత్తకి రోజంతటిలో సొంతమైనది ఒక్క సాయంత్రపు వేళే. పొద్దు వాలగానే చింతపండూ బూడిదా వేసి తోమిన ఇత్తడి బిందె చంకన పెట్టుకుని నాగావళికి బయలుదేరేది. నదిలో స్నానం చేసి, ఇసుకలో చేత్తో చెలమ తవ్వి, అందులో ఊరిన నీళ్ళు తేటపడేదాకా కూర్చుని, ఆ నీళ్ళు ముంచుకుని తిరిగి వచ్చేది. మర్నాటి మడి వంటకి ఆ నీళ్ళే కావాలి. ఇంకెవరు తెచ్చినా పనికిరావు. మడి అంటే నాకు అప్పుడూ పడదు, ఇప్పుడూ పడదు. కానీ ఆ ఇల్లు దాటడానికి ఆవిడకి ఉన్న ఒకే ఒక్క అనుమతిపత్రం ఆ మడే. చెలమలో నీళ్ళు తేటపడడానికి ఎంతసేపు పడుతుందో అత్త తప్ప ఎవరూ చెప్పలేరు. కొన్ని రోజులు చాలాసేపు పట్టేది. అలాంటి రోజుల్లో ఆవిడ తిరిగొచ్చేటప్పుడు ముఖం చూస్తే, ఎవరితోనో తృప్తిగా మాట్లాడి వచ్చినట్టు ఉండేది.

ఆ రోజుల్లోనే కొండల మీదుగా రైలుమార్గం వేస్తూ వంతెనల పనికి ఒక గుంపు మా ఊరి పక్కన మకాం వేసింది. దాని మీద మేస్త్రీ ఒక ఆస్ట్రేలియా దొర. అందరూ వంతెన దొర అనేవాళ్ళు. ఆస్ట్రేలియా అంటే మాకు గుర్రాలు వచ్చే దేశమని మాత్రమే తెలుసు. అక్కణ్ణుంచి మనిషి రావడం అదే మొదటిసారి. ఆయన తెలుగు కూలీల దగ్గర నేర్చుకున్నాడు. అందుచేత మా నాన్నతో కూడా "ఏటి అమీనూ, బాగున్నావేటి?" అనేవాడు. నాన్నకి ఆ పలకరింపు ఒంటికి పడేది కాదు గాని, పలకరించింది దొర కనక "చిత్తం" అనేవాడు.

దొరకి తన దేశపు ఆట మీద ఉన్న ప్రేమ వంతెన మీద లేదు. కోతలయిన పొలాలు బండలా గట్టిపడగానే, నది ఒడ్డున పెద్ద కోడిగుడ్డు ఆకారంలో ముగ్గుతో గీత గీయించాడు. రెండు కొసల్లోనూ నాలుగేసి వెదురుగడలు వరసగా పాతించాడు. బంతి కూడా కోడిగుడ్డులాగే ఉండేది. దాన్ని చేత్తో పట్టుకోవచ్చు గాని విసరకూడదు. పిడికిలితో గుద్దాలి, లేకపోతే తన్నాలి. పట్టుకుని పరిగెత్తేవాడు మధ్యమధ్య నేలకి కొట్టి పట్టుకోవాలి. నడిమి రెండు గడల మధ్యనుంచి తన్నితే ఆరు పాయింట్లు. పక్క గడల సందులోంచి పోతే ఒకటి. మావాళ్ళు మొదటిదాన్ని 'ఆరు' అనీ, రెండోదాన్ని 'ఒంటి' అనీ అనేవారు. గురి తప్పినందుకు కూడా ఒక పాయింటు ఇచ్చే ఆట లోకంలో ఇంకోటి ఉందో లేదో నాకు తెలియదు. ఒక్క జట్టుతో ఆట సాగదన్న సంగతి దొరకి ఆలస్యంగా తట్టింది. అప్పుడు లారీలో ఘాటీ కొండదారి ఎక్కి కోరాపుట్ వెళ్ళి, అక్కడి కచేరీ గుమాస్తాలకి కూడా ఆట నేర్పి వచ్చాడు. గుమాస్తాలు మావాళ్ళకంటే బాగా నేర్చుకున్నారు. అదే తరవాతి కష్టాలకి మూలం.

చదువుకున్నవాణ్ణనీ, పై చదువుకి వెళ్ళేలోగా ఇంటి దగ్గరే ఉన్నాననీ లెక్క రాసే పని నాకు అప్పగించారు. లెక్క రాయడానికి దొర పద్ధతి ఒకటుంది. ఆరులెన్ని, ఒంటులెన్ని, మొత్తమెంత అని మూడు అంకెలు పక్కపక్కన రాయాలి. ఈ అంకెల మీద ఆయనకి పిచ్చి. తన దేశంలో ఎడమకాలివాళ్ళు మాత్రమే ఆరులు కొట్టిన ఆట, ఇద్దరు కవలలు ఒకే నిమిషంలో కాళ్ళు విరగ్గొట్టుకున్న ఆట, ఇలాంటివి తడుముకోకుండా చెప్పేవాడు. వాటిలో నిజమెంతో ఆయన దేశంవాళ్ళు చెప్పాలి. అన్నిటికంటే ఆయన ప్రాణంగా చూసుకునే వింత ఒకటుంది: ఆరుల సంఖ్యని ఒంటుల సంఖ్యతో గుణిస్తే సరిగ్గా మొత్తం పాయింట్లు రావడం. ఏడు ఆరులూ ఏడు ఒంటులూ కొడితే మొత్తం నలభైతొమ్మిది, ఏడేళ్ళూ నలభైతొమ్మిదే. "ఇలాటివి అయిదే ఉన్నాయి బాబూ. దేవుడు అయిదే ఎట్టేడు" అనేవాడు. రెండూ పన్నెండు, మూడూ తొమ్మిది, నాలుగూ ఎనిమిది, ఏడూ ఏడు. అయిదోది సున్నా, సున్నా. ఆ అయిదోదాన్ని మాత్రం ఆయన తన జన్మలో చూడలేదు. ఎవరూ ఒక్కసారైనా గురి తప్పనైనా తప్పకుండా ఆట ముగియడం అసంభవం కదా.

ఆ అయిదే ఎందుకు ఉంటాయో నేను బీజగణితంతో కాయితం మీద చేసి చూపించాను. ఇందులో దేవుడి ప్రమేయం లేదనీ, లెక్కలోని వింతకి కారణం లెక్కలోనే ఉంటుందనీ చెప్పాను. దొర కాయితం ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకుని, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక మా జట్టు. నాయకుడు సూరిబాబు, మకాంలో కూలీల హాజరు వేసే గుమాస్తా, పార్వతీపురం వాడు. బంతి తన్నడంలో మొనగాడు లచ్చన్న, గుణుపురం వైపు రైతుకుటుంబం వాడు, కమ్మరికొలిమి దగ్గర సమ్మెట కొట్టేవాడు. సూరిబాబుకి ఒక నియమం ఉండేది. మంచి శకునం కాకుండా జట్టుని గీత దాటనిచ్చేవాడు కాదు. శకునం దానంతటది రావాలని ఎదురుచూస్తే పొద్దుపోతుంది కనక, మకాంలో ఒక ముత్తైదువకి తమలపాకులిచ్చి, నిండుబిందెతో ఎదురు రమ్మని ఏర్పాటు చేసుకున్నాడు. ఆవిడ బిందెతో వచ్చి, ఆటగాళ్ళ ముందునుంచి నడిచి, అవతల నీళ్ళు పారబోసి వెళ్ళిపోయేది. నేల తడిసిందో లేదో చూసే పద్ధతి కాబోలని దొర మొదట్లో అనుకున్నాడు. తడి అంతా ఒక పక్కనే చేస్తున్నారేమని ఒకసారి అడిగాడు కూడా.

కోరాపుట్ వాళ్ళతో మా ఊళ్ళో జరిగిన మొదటి ఆటలో, చివరి నిమిషంలో, లచ్చన్న బంతి పట్టుకుని గడల ఎదుట నిలబడ్డాడు. 'ఆరు' కొడితే గెలుపు. నదికి వెళ్ళే కాలిబాట ఆ గడల వెనకనుంచే పోతుంది. అప్పుడే అత్త నిండుబిందెతో, ముసుగుతో, రోజూ నడిచేలాగే నడిచివచ్చింది. లచ్చన్న తన్నాడు. బంతి వెళ్ళి గడకి తగిలి పక్కకి పోయింది. ఒంటి. ఓడిపోయాం.

"నాను సరిగానే తన్నేను బావూ. బంతే ఒప్పుకోనేదు" అన్నాడు లచ్చన్న నాతో.

"బంతెలా ఒప్పుకుంటాదిరా, ఎదురెవరొచ్చేరో సూసేవా?" అన్నాడు సూరిబాబు. పక్కన నేనున్నానని గుర్తొచ్చి, "అత్తమ్మగారు పెద్దోరు. ఆరినేటీ అన్ను. ఎదురు సంగతే సెప్తన్నాను" అన్నాడు.

నేను వాదించాను. విజయనగరంలో నేర్చుకున్నదంతా వాడాను. మా అత్త ప్రతి సాయంత్రమూ ఆ బాటన నడుస్తుంది. మకాంవాళ్ళు తమలో తాము రెండు జట్లయి ఆడుకున్న ప్రతి ఆటలోనూ నడిచింది. ప్రతి ఆటలోనూ ఒక జట్టు గెలిచింది, ఒకటి ఓడింది. మరి గెలిచినవాళ్ళకి ఎవరి ఎదురు? ఓడినప్పుడే లెక్క పెట్టి గెలిచినప్పుడు పెట్టకపోతే ఏది చూసినా అపశకునమే అవుతుంది. "ఓడిన ప్రతి ఆటలోనూ నువ్వున్నావు సూరిబాబూ. నిన్ను కదా మానిపించాలి" అన్నాను.

సూరిబాబు శాంతంగా విన్నాడు. "గెలిసినప్పుడు అత్తమ్మగారు ఎడం పక్కనుంచి వచ్చేరు బాబూ. అది దోసం కాదు" అన్నాడు. నది ఎప్పుడూ ఒక పక్కనే ఉంది.

రెండో ఆటకి ముందు సూరిబాబు మా నాన్న దగ్గరికి వచ్చి, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దొర జట్టు ఓడితే దొరకి కష్టం, దొరకి కష్టమైతే ఎవరికి మంచిది కాదో అమీనుగారికి చెప్పక్కర్లేదు, ఆ ఒక్క పూటా అమ్మగారు ఇంట్లో ఉంటే చాలు అన్నాడు. నాన్న నస్యం పీల్చి వంటింటివైపు తిరిగాడు.

"ఒక్క పూటే కదప్పా" అన్నాడు అక్కతో.

వెనక వసారాలోంచి అత్త గొంతు వినిపించింది. "ఒక్క పూటే అనే మొదలెట్టార్రా అప్పుడు కూడా. నీ పెళ్ళి పూట. ఆ పూట ఇంకా తెల్లారలేదు."

ఆ సాయంత్రం అత్త వెళ్ళలేదు. నీళ్ళు లేవు కనక మర్నాడు మడివంట లేదు. ఆవిడ పస్తు ఉంది. పండగ కాకుండా, ఏకాదశి కాకుండా, బంతాట కోసం ఉపవాసమున్న మనిషి మా వంశంలో ఆవిడొక్కతే.

ఆ ఆట కూడా ఓడిపోయాం. లచ్చన్న ఎన్నిసార్లు తన్నినా బంతి పక్క సందులోకే పోయింది. రెండు ఆరులు, పన్నెండు ఒంటులు, మొత్తం ఇరవైనాలుగు. కోరాపుట్ వాళ్ళకి ఇరవైఅయిదు. మావాళ్ళు నేల మీద కూలబడి ఉంటే, దొర మాత్రం నా చేతిలో కాయితం లాక్కుని, "రెండు పన్నెండ్లు ఇరవైనాలుగు! సాలా బాగుంది! సాలా బాగుంది!" అంటూ గెలిచినవాళ్ళనీ ఓడినవాళ్ళనీ కూడా కౌగిలించుకున్నాడు. సూరిబాబు నావైపు చూసి, "ఇంట్లో ఉన్నారు గాని కిటికీలోంచి సూసుంటారు" అన్నాడు. మా వెనక వసారాకి కిటికీ లేదు. ఆ మాట చెప్పాను. "అయితే తలుసుకునుంటారు" అన్నాడు.

మూడో ఆట కోరాపుట్‌లో. లారీ మీద ఘాటీ ఎక్కి వెళ్ళాం. అక్కడి చలికి మావాళ్ళ చేతుల్లో బంతి నిలవలేదు. ఓడిపోయాం. మా అత్త కొండలకీ లోయలకీ అవతల ఉంది. ఇక ఈ శకునం చచ్చిందనుకున్నాను. తిరుగుదారిలో లారీలో సూరిబాబు చాలాసేపు ఆలోచించి, "దార్లో మనం తిన్న పులిహోర ఎవరు కలిపేరు బాబూ?" అని అడిగాడు.

మీరు నన్ను అడగవచ్చు, ఇంత అసందర్భాన్ని పట్టించుకోవడం దేనికని. పట్టించుకోక తప్పలేదు. అప్పటికి ఆ మాట మకాం దాటి ఊళ్ళోకి వచ్చేసింది. ఠాణాకి దావాల మీద వచ్చేవాళ్ళు మా వీధి మానేసి చుట్టూ తిరిగి పోతున్నారు. ఆట లేని రోజున కూడా అత్త బయటికి రాకుండా ఉంటే మేలని నాన్నకి ఎవరో హితవు చెప్పారు. నీళ్ళు తేవడానికి ఇంకో మడిమనిషిని కుదురుస్తానన్నాడు నాన్న. అంటే ఆవిడకి మిగిలిన ఆ ఒక్క గంట కూడా పోతుంది. ఆ తలుపు ఒకసారి మూసుకుంటే ఇక తెరుచుకోదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

నేను ఆవిడ దగ్గర కూర్చుని, సభల్లో చెప్పేదంతా చెప్పాను. కాకతాళీయానికీ కార్యకారణ సంబంధానికీ తేడా వివరించాను. అత్త వేరుశనక్కాయలు ఒలుస్తూ అంతా విన్నది.

"నీ మాటలు బాగున్నాయిరా అబ్బీ. అవి నాకెందుకు చెప్తున్నావు? నా వల్ల బంతి వంకరపోదని నాకు తెలీదా?" అంది.

నాలుగో ఆట నాటి సాయంత్రం, నాన్న ఠాణాలో ఉండగానే, ఎవరినీ అడక్కుండా అత్త బిందె తీసుకుంది. నేను పొలంలో కాయితం పట్టుకుని కూర్చుని ఉండగా గడల వెనకనుంచి వెళ్ళింది, తేటపడిన నీళ్ళతో తిరిగి వచ్చింది. సూరిబాబు ముఖం పాలిపోయింది. లచ్చన్న మాత్రం, ఇక ఎలాగూ ఓటమే కదా అనుకున్నాడో ఏమో, కంగారు లేకుండా తన్నడం మొదలుపెట్టాడు. మేము గెలిచాం. ఏడు ఆరులు, ఏడు ఒంటులు, నలభైతొమ్మిది. దొర నేల మీద పడుకుని ఆకాశంకేసి చూస్తూ ఉండిపోయాడు. ఎండదెబ్బేమోనని తల మీద నీళ్ళు పోశారు.

హేతువాదం గెలిచిందని ఆ రాత్రి నేను సుఖంగా నిద్రపోయాను. మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో మేళం వినిపించింది. సూరిబాబు, లచ్చన్న, మిగతా జట్టు. పళ్ళెంలో అరటిపళ్ళు, కొబ్బరికాయ, కొత్త తెల్లపంచె.

"అమ్మగారి ఎదురు సానా గొప్పది బావూ. మాకే ఇన్నాళ్ళూ తెలీనేదు. పై ఆటకి అమ్మగారు నిన్నటిలాగే, అదే యేళకి, అదే పక్కనుంచి రావాల. బండి పంపుతాం" అన్నాడు సూరిబాబు నాన్నతో.

నాన్న ముఖం వెలిగింది. ఊళ్ళో తన అక్కకి జరిగిన మొదటి సత్కారం అది. "అప్పా, విన్నావా?" అని లోపలికి కేకేశాడు. పళ్ళెం గుమ్మంలోనే ఉండిపోయింది. అరటిపళ్ళు మధ్యాహ్నం ఆవు తినేసింది.

అయిదో ఆటకి ఊరంతా వచ్చింది. కోరాపుట్ వాళ్ళు లారీ దిగి ఒళ్ళు విరుచుకుంటున్నారు. దొర బంతి పట్టుకుని నట్టనడుమ నిలబడ్డాడు. ఆట మొదలవడానికి దాన్ని ఆయన నేలకి కొట్టాలి. సూరిబాబు కొట్టనివ్వలేదు. అమ్మగారు రావాలన్నాడు. పంపిన బండి ఖాళీగా తిరిగొచ్చింది. కోరాపుట్ వాళ్ళు ఘాటీలో చీకటి పడుతుందని గోల పెట్టారు. ఎవరికోసం ఆగామని అడిగితే, చెప్పిన సమాధానం విని వాళ్ళలో కొందరు, అంత గొప్ప ఎదురైతే తమ వైపునుంచి కూడా ఒకసారి నడవాలని పట్టుబట్టారు. దొర బంతిని నేల మీద పెట్టి దాని పక్కన కూర్చున్నాడు.

అత్త తన వేళకే వచ్చింది. ముందూ కాదు, వెనకా కాదు. వెళ్ళేటప్పుడు ఎవరి కంటా పడలేదు కాబోలు, అప్పటికే నదినుంచి తిరిగి వస్తూంది, తడిబట్టతో, నిండుబిందెతో. జనం లేచి నిలబడ్డారు. ఎవరో చప్పట్లు కొట్టారు. సూరిబాబు పరిగెత్తుకు వెళ్ళి, దూరంగా వంగి, "అమ్మా, ఈపాలి గడల ముందునుంచి నడవండమ్మా. ఆళ్ళు కూడా అడుగుతన్నారు. ఇటునుంచోసారి, అటునుంచోసారి" అన్నాడు.

అత్త ఆగింది. అంతమంది మగవాళ్ళ ఎదుట ఆవిడ ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు. ముసుగు కొంచెం పైకి తీసి ఈ జట్టునీ, ఆ జట్టునీ చూసింది. తరవాత బాట వదిలి తిన్నగా పొలం నడుమకి నడిచింది. దొర గబుక్కున లేచి టోపీ తీశాడు. అత్త బిందె వంపకుండా మోకాళ్ళ మీద వంగి, ఖాళీగా ఉన్న చేత్తో బంతి ఎత్తుకుంది.

ఇది చదువుతున్న ఈ కాలం వాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. ఆరేసిన మడిబట్టని కర్రతో తప్ప చేత్తో తీసుకోని మనిషి ఆవిడ. మా నాన్న చెప్పుల నీడ పడితే నేల కడిగే మనిషి. ఆవిడ చేతిలో ఉన్నది తోలు.

"ఓడితే నా ఎదురన్నారు. గెలిస్తే నా ఎదురన్నారు" అంది అత్త, సూరిబాబుతో. గొంతు పెద్దది చెయ్యలేదు. "మరి మీ కాళ్ళు ఏం చేస్తున్నాయిరా అబ్బీ? నేను నీళ్ళకి వెళ్ళి నీళ్ళు తెచ్చుకుంటున్నాను. నా నడక నాది. మీ ఆటలో దాన్ని కలపకండి."

సూరిబాబు బిక్కచచ్చిపోయాడు. "సిత్తం అమ్మా. మరి బంతి..." అన్నాడు.

"బంతి మా ఇంట్లో ఉంటుంది. ఈ మాట మీ అందరికీ అర్థమయ్యాక వచ్చి పట్టుకెళ్ళండి."

ఒక చంకన బిందె, ఇంకో చేతిలో బంతి, ఆవిడ ఇంటికి వెళ్ళిపోయింది. దొరవైపు తిరిగి అందరూ ఒక్కసారే అడిగారు, ఇలాంటప్పుడు ఆట నియమం ఏమిటని. దొర చాలాసేపు ఆలోచించి, తమ దేశంలో ఒకసారి కుక్క ఎత్తుకుపోయిందిట గాని, పెద్దావిడ పట్టుకుపోవడం ఎక్కడా రాసిలేదు అన్నాడు.

నేను వెనకాలే ఇంటికి పరిగెత్తాను. అత్త బంతిని వీధి అరుగు మీద పెట్టింది. బిందెలో నీళ్ళు వాకిట్లో పారబోసింది. అవి ఇక మడికి పనికిరావు. అప్పుడే ఠాణానుంచి వచ్చిన నాన్న ఆ బంతినీ, ఆవిడనీ మార్చి మార్చి చూశాడు.

"తోలు ముట్టుకున్నాను. మళ్ళీ మునగాలి" అంది అత్త, ఖాళీ బిందె ఎత్తుకుంటూ.

"చీకటి పడుతోందప్పా" అన్నాడు నాన్న.

"పడనీ."

ఆవిడ మళ్ళీ అదే పొలం మీదుగా నదికి నడిచింది. ఆటగాళ్ళు రెండు పక్కలకీ తప్పుకున్నారు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ ముఖం తిప్పుకోలేదు. ఊరికే చూశారు, ఒక ముసలావిడ నీళ్ళకి వెళ్తూంటే చూసేలాగ. ఆ రోజు చెలమలో నీళ్ళు తేటపడడానికి చాలాసేపు పట్టింది. కోరాపుట్ వాళ్ళు ఆగలేక లారీ ఎక్కేశారు. దొర నా దగ్గరికొచ్చి లెక్క అడిగాడు. మాకు సున్నా, సున్నా, సున్నా. వాళ్ళకి సున్నా, సున్నా, సున్నా. ఆయన ఆ కాయితంకేసి చూశాడు. నెమ్మదిగా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయిదోది" అన్నాడు. "బాబూ, అయిదోది. రెండు పక్కలా."

మర్నాడు సూరిబాబు ఒక్కడూ వచ్చి, "అర్తమైందమ్మా" అని చెప్పి బంతి తీసుకెళ్ళాడు. నిజంగా అర్థమైందో లేదో నేను హామీ ఇవ్వలేను. అతని తమలపాకుల ముత్తైదువ ఆ తరవాత కూడా నీళ్ళు పారబోస్తూనే ఉంది. కానీ మా అత్త నడక గురించి ఆ ఊళ్ళో మళ్ళీ ఎవరూ నోరెత్తలేదు. నాన్న కూడా. ఆవిడ పోయే సంవత్సరం దాకా ఆ సాయంత్రపు వేళ ఆవిడదిగానే ఉంది. నేను చేసిన ఏ ఉపన్యాసం వల్లా ఇంత పని జరిగిన గుర్తు లేదు.

వంతెన పూర్తయి మకాం లేచిపోయేటప్పుడు, లెక్క రాసినందుకని దొర ఆ బంతి నాకిచ్చి వెళ్ళాడు. నేను చదువుకి వెళ్ళి తిరిగివచ్చేసరికి నాన్న దానికి పసుపు పూసి గుమ్మానికి కట్టించేశాడు. మామూలు వస్తువైతే మా అప్ప అంత పని చేస్తుందా, అందులో ఏదో ఉంది అన్నాడు. నేను మండిపడి నిచ్చెన తెమ్మన్నాను. అత్త ఆపింది. "వేలాడనీరా అబ్బీ. తన్నుకోడానికి ఇక పనికిరాదు కదా" అంది. ఆవిడ మాట మీద అప్పుడు ఊరుకున్నాను. ఊరుకున్నవాణ్ణి ఇన్నేళ్ళూ ఊరుకునే ఉన్నాను.

మొన్న ఇదంతా శేఖరానికి చెప్పబోయాను. అతను తెరుబలి కర్మాగారంలో ఇంజనీరు. ఇనుము ఏ వేడికి కరుగుతుందో అడిగితే నిద్రలో చెబుతాడు. ఆ మధ్యాహ్నం నలుగురు స్నేహితులతో కూర్చుని రేడియోలో క్రికెట్ వింటున్నాడు. ఫలానా ఆటగాడు ఫలానా మైదానంలో శుక్రవారం ఆడితే ఎప్పుడూ విఫలం కాలేదని రేడియోలో ఎవరో గంభీరంగా చెబుతున్నారు. వీళ్ళు గంభీరంగా తలలూపుతున్నారు. దాహం వేసి నేను కుర్చీలోంచి లేవబోతే, శేఖరం నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"తాతయ్యా, దయచేసి లేవకండి. ఇందాకా మీరు లేచినప్పుడే వికెట్ పడింది" అన్నాడు.

నేను అతని ముఖంలోకి చూశాను. వేళాకోళం కాదు. భుజం మీద చెయ్యి కూడా మర్యాదగానే ఉంది, మా నాన్న మాటలాగే. ఒక్క పూటే కదా అన్నట్టుగానే ఉంది. పొద్దు వాలుతోంది. కాకతాళీయం గురించి నా దగ్గర ఒక మంచి ఉపన్యాసం ఉంది, గంటసేపు సాగుతుంది. అది మొదలుపెట్టలేదు. కర్ర తీసుకుని లేచాను. గుమ్మంలో వేలాడుతున్న బంతి కిందనుంచి బయటికి వచ్చి నదివైపు నడిచాను. వీధి మలుపు దాకా వెళ్ళేసరికి లోపల్నుంచి పెద్ద కేక వినిపించింది. పడిందో, నిలబడిందో నాకు తెలియదు. మా అత్త అయితే వెనక్కి తిరిగేది కాదు. నేనూ తిరగలేదు.